పురుగు లేని పువ్వు

పోయిన సంవత్సరం నవంబరు 14న మా బడిలో నేనొక అబద్ధం చెప్పాను. ఒకటో తరగతి పిల్లల చేతుల్లోంచి గులాబీలు లాక్కుంటూ, "పారెయ్యండి, పువ్వులో పురుగుంది" అని అరిచాను. నిజానికి ఆ పువ్వుల్లో ఒక్క పురుగు కూడా లేదు. పురుగు లేకపోవడమే ఆ రోజు వచ్చిన ప్రమాదం. అది ఎలా జరిగిందో, ఆ రోజునుంచి నన్ను వదలని ప్రశ్న ఏమిటో ఈ వ్యాసంలో రాస్తాను.

ప్రశ్న ఇది. మచ్చలేని అందం కావాలనుకోవడం తప్పా? తప్పయితే అది ఎవరి తప్పు? కోరుకునేవాళ్ళదా, అమ్మేవాళ్ళదా, మందు కొట్టేవాళ్ళదా?

మాది కృష్ణగిరి జిల్లాలో వేపనపల్లి వైపు ఒక చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, బస్సులో తమిళం, సంతలో రెండూ, కొంచెం కన్నడం కూడా. హోసూరు రోజాల గురించి ఈ పత్రిక చదివేవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి చల్లన. అక్కడి పాలీహౌసుల్లో పెంచే తాజ్‌మహల్ అనే ఎర్ర రోజా ఫిబ్రవరి 14 వస్తోందంటే పెట్టెలు పెట్టెలుగా బెంగళూరు విమానాశ్రయం దాటి విదేశాలకు పోతుంది. మా అమ్మ అలాంటి ఒక తోటలో పువ్వులు ఏరి కట్టలు కట్టే పని చేస్తుంది. పొద్దున ఆరుకు వ్యాను వస్తుంది.

మా ఊరు హోసూరంత ఎత్తులో లేదు. ఏప్రిల్‌లో మధ్యాహ్నం బండ మీద కాలు పెట్టలేం. "ఈ ఎండకు రోజా ఎక్కడ బతుకుతుంది" అని చాలామంది అంటారు. మా అవ్వ ఆ మాటకు నవ్వుతుంది. బట్టలుతికే బండ పక్కన ఆమె పన్నీరు రోజా చెట్టు మా నాయన పెళ్ళికి ముందునుంచీ ఉంది. దానికి ఎవరూ ఎప్పుడూ మందు కొట్టలేదు. పువ్వు చిన్నది, లేత గులాబి రంగు, సాయంత్రానికి రేకులు రాలిపోతాయి. కానీ వాసన మాత్రం వీధి మలుపు దాకా వస్తుంది. మా ఊరి పిల్లలందరూ ఆ రేకులు తిని పెరిగినవాళ్ళే. నేను కూడా.

పోయిన ఏడాది జూన్‌లో బడి తెరవగానే మా సైన్సు సార్ ప్లస్ వన్ వాళ్ళకు ఒక పని ఇచ్చారు. నీళ్ళ తొట్టి పక్కన ఎండ బాగా పడే చోట 12 రోజా మొక్కలు పెట్టాలి. ఒకటే షరతు, ఏ మందూ కొట్టకూడదు. "ఏది బతుకుతుందో, ఎందుకు బతుకుతుందో చూసి నోటుబుక్కులో రాయండి" అన్నారు. నన్ను లీడర్‌గా పెట్టారు. 7 మొక్కలు నర్సరీలో కొన్నాం, 4 ఎర్రవి, 3 పసుపువి. మిగిలిన 5 మా అవ్వ చెట్టు కొమ్మలు కత్తిరించి నాటినవి. అవి చూసి మా క్లాసు పిల్లలు "ఇవి రోజాలా, కంపలా" అని ఎగతాళి చేశారు. నాకూ సిగ్గుగానే ఉండింది.

మొదటి రెండు నెలల్లో మేం నేర్చుకున్నది పుస్తకంలో ఉన్న పాఠం కంటే ఎక్కువ. రోజాకు వచ్చే నల్లమచ్చ తెగులు ఒక బూజు. దాని విత్తనంలాంటి రేణువులు నీటి చుక్కలతో చింది ఒక ఆకునుంచి ఇంకో ఆకుకు పోతాయి. ఆకు ఏడెనిమిది గంటలు తడిగా ఉంటే చాలు, లోపలికి దిగుతాయి. మేమేమో ఆటల పీరియడ్ అయ్యాక సాయంత్రం చెంబులతో మొక్క నెత్తిన పోసేవాళ్ళం. రాత్రంతా ఆకు తడిగానే ఉండేది. అంటే తెగులును మేమే పెంచుతున్నాం! సార్ చెప్పాక పొద్దున్నే, మొదట్లో మాత్రమే పోయడం మొదలుపెట్టాం. మొక్కకు మొక్కకు మధ్య మూడడుగుల ఎడం ఉంచాం, గాలి ఆడితే ఆకు త్వరగా ఆరుతుందని. రాలిన ఆకుల్ని ఏ రోజుకారోజు ఏరి దూరంగా కాల్చేవాళ్ళం, ఎందుకంటే బూజు వాటిలోనే దాక్కుని ఉంటుంది. మట్టి మీద వేరుశనగ పొట్టు పరిచాం. ఎండిన కొమ్మను, ఎండిన చోటికి కిందుగా పచ్చి కనిపించేదాకా ఏటవాలుగా కోయడం నేర్చుకున్నాం.

ఇంకో సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. ఎండ రోజాకు శత్రువనుకుంటాం. కానీ బాగా కాసే ఏప్రిల్, మే ఎండల్లో ఆ నల్లమచ్చ బూజు కూడా పెద్దగా పెరగలేదు. వానాకాలమే దానికి పండగ. ఎండాకాలం శత్రువు వేరు, ఆకు కింద కంటికి సరిగా కనిపించని ఎర్రనల్లి. దానికి మందే అక్కర్లేదు, పొద్దున పూట ఆకు అడుగున నీళ్ళు గట్టిగా కొడితే చాలా వరకు కొట్టుకుపోతుంది. అదే పని సాయంత్రం చేస్తే నల్లమచ్చకు తలుపు తీసినట్టే. ఒకే నీళ్ళు, పొద్దున మేలు, సాయంత్రం కీడు. చేసే పనికంటే ఎప్పుడు, ఎలా చేస్తున్నామన్నదే ముఖ్యమని నాకు అప్పుడు తోచింది. ఆ మాట నాకే తగులుతుందని అప్పటికి తెలియదు.

ఆయుధపూజ నాటికి వానలు పట్టాయి. పసుపు మొక్కలు మూడూ ఆకులన్నీ రాల్చి కట్టెల్లా నిలబడ్డాయి. ఎర్రవి సగం పోయాయి. పసుపుకే ఎందుకు ఎక్కువ అని అడిగితే సార్ ఒక కథ చెప్పారు. ఫ్రాన్సులో లియోన్ నగరంలో పెర్నే డ్యూషే అనే ఆయన, తోట రోజాల్లో లేని మంచి పసుపు రంగు కావాలని, పర్షియన్ ఎల్లో అనే పసుపు రోజాతో ఏళ్ళ తరబడి సంకరం చేశాడు. 1900లో సొలేయ్ దోర్ అనే రోజాను విడుదల చేశాడు. రంగు వచ్చింది. కానీ ఆ పర్షియా రోజా జాతికి నల్లమచ్చ చాలా సులభంగా పడుతుంది. రంగుతోపాటు ఆ బలహీనత కూడా తర్వాతి రోజాల్లోకి దిగిందని రోజాలు పెంచేవాళ్ళు చెప్తారు. 1900లో ఎక్కడో ఒకాయన పడ్డ ఆశ మా బడి మొక్క ఆకుల మీద మచ్చలుగా కనిపిస్తోందన్నమాట. ఆయన చెడ్డవాడు కాదు, అందం కోరుకున్నాడు, అంతే. కోరిక ఖరీదు మాత్రం కోరినవాడి దగ్గర ఆగలేదు.

మరి అవ్వ పన్నీరు రోజాల సంగతేమిటి? వాటికీ మచ్చలు వచ్చాయి. ఇది నిజం చెప్పాలి. కింది ఆకులు పసుపు తిరిగి రాలిపోయాయి. కానీ రెండు వారాల్లో పైనుంచి కొత్త చిగురు వేసి పువ్వు పెట్టాయి. నేను ఇంటికి వెళ్ళి అడిగితే అవ్వ అంది, "ఆకులు రాల్చుకుంటాది, మల్లా ఇగురేస్తాది. దానికేం రోగం పాపా?" అని.

సార్ దీన్నే రెండు మాటల్లో రాయించారు, నిరోధించడం, తట్టుకోవడం. తెగులును లోపలికి రానివ్వని మొక్క ఒకటి. తెగులు వచ్చినా కుంగిపోకుండా మళ్ళీ లేచే మొక్క ఇంకొకటి. నిరోధించే శక్తి గొప్పదే గాని అది శాశ్వతం కాదు, బూజులో కొత్త రకాలు పుట్టి ఆ కోటను కూడా దాటుతాయి. మనం బలవంతులు అంటే మచ్చపడనివాళ్ళనుకుంటాం. అవ్వ చెట్టు చూస్తే బలం అంటే ఇంకోటేమో అనిపించింది. పుస్తకాల్లో దీన్ని ఎడ్వర్డ్ రోజా అంటారు, రీయూనియన్ దీవి పాత పేరుతో పిలిచే బూర్బన్ జాతికి చెందింది. ఎక్కడినుంచో వచ్చి, ఈ మట్టికి అలవాటుపడి, పేరు మార్చుకుని, వాసన మార్చుకోకుండా ఉంది. మా తాతల తెలుగు కూడా ఇక్కడ అట్లే ఉందని రాస్తే మా తెలుగు టీచర్ సంతోషిస్తారు. అందుకని రాయడం లేదు, నిజంగానే అనిపించింది.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను.

నవంబరులో బాలల దినోత్సవానికి బయటినుంచి పెద్దవాళ్ళు వస్తున్నారని తెలిసింది. నెహ్రూగారు కోటుకు రోజా పెట్టుకునేవారు కాబట్టి ఒకటో తరగతి పిల్లలకు ఒక్కొక్కరికి ఒక రోజా ఇవ్వాలని నిర్ణయించారు. మా మడిలోని రోజాలే! మా క్లాసంతా ఎగిరి గంతేశాం. సరిగ్గా ఆ వారంలోనే మొగ్గల మెడల నిండా పేనుబంక పట్టింది. పచ్చగా, జిగటగా, చూస్తే ఒళ్ళు జలదరించేటట్టు. సార్ చూసి, "అక్షింతల పురుగులు వచ్చాయి చూడండి, ఇంకో వారం ఆగితే అవే తినేస్తాయి. నీళ్ళతో కడగండి" అన్నారు. నిజంగానే ఎర్ర చుక్కల పురుగులు నాలుగైదు తిరుగుతున్నాయి. కానీ నా దగ్గర వారం లేదు, రెండు రోజులే ఉన్నాయి. లీడర్‌ని నేను. పెద్దల ముందు పురుగు పట్టిన పువ్వు ఇస్తే ఎవరి పేరు చెప్తారు?

12వ తేదీ సాయంత్రం మా నాయన టమాటాకు కొట్టే మందు ఒక మూత తీసి, సోడా సీసాలో కలిపి, బడికి తీసుకెళ్ళాను. చేతి స్ప్రేతో మొగ్గలన్నిటి మీదా కొట్టాను. చేతికి గుడ్డ లేదు, మూతికి గుడ్డ లేదు. పొద్దున చూస్తే మొగ్గలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఒక్క పేను లేదు. కింద వేరుశనగ పొట్టు మీద అక్షింతల పురుగులు వెల్లకిలా పడి ఉన్నాయి. వాటిని కాలితో పొట్టులోకి తోసేశాను. సార్ వచ్చి చూసి, "నీళ్ళతోనే ఇంత బాగా పోయాయా!" అన్నారు. నేను తల ఊపాను. నోటుబుక్కులో "నీళ్ళతో కడిగాం" అని రాశాను.

14న పిల్లలకు పువ్వులు ఇచ్చారు, చప్పట్లు కొట్టారు, ఫొటో తీశారు. ఫొటో అయిన వెంటనే ముందు వరసలోని ఒక పాప పన్నీరు రోజా రేకు ఒకటి పీకి నోట్లో వేసుకుంది. మా ఊరి పిల్లలందరూ చేసే పనే. నేనూ చేసిన పనే. ఆ క్షణంలో నా కడుపులో ఏదో జారిపోయింది. పరుగెత్తి పాప నోట్లో వేలు పెట్టి తీసేశాను, మిగతా పిల్లల చేతుల్లోంచి పువ్వులు లాగేశాను. అప్పుడే ఆ అబద్ధం చెప్పాను. పిల్లలు ఏడ్చారు. పెద్దలు నవ్వుకున్నారు. లీడర్‌కు ఎంత జాగ్రత్తో అనుకున్నారేమో.

పాపకు ఏమీ కాలేదు. ఆ తర్వాత మూడు రోజులు పొద్దున్నే గేటు దగ్గర నిలబడి ఆ పాప వస్తుందా రాదా అని చూశాను. ఇంట్లో మందు డబ్బా అడుగున ముద్ర వెతికాను. పురుగు మందు డబ్బాల మీద ముక్కోణం గుర్తు ఉంటుంది. ఎరుపు ఉంటే అన్నిటికంటే ఎక్కువ విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివరికి పచ్చ. మాది నీలం. మధ్యరకం విషం. మన భాషలో జ్వరానికి వేసుకునేదీ మందే, పురుగుకు కొట్టేదీ మందే. తమిళంలోనూ మరుందే. ఆ ఒక్క మాట వల్లే నాకు చెయ్యి వణకలేదేమో. "విషం కొట్టుకురాపో" అంటే వెళ్ళేదాన్నా?

నాలుగో రోజు సార్‌తో చెప్పేశాను. ఆయన తిట్టలేదు. నోటుబుక్కు తెప్పించి, నేను రాసిన వాక్యం నాచేతే కొట్టించి, నిజం రాయించారు. తర్వాత నన్ను వెంటపెట్టుకుని ఆ పాప ఇంటికి తీసుకెళ్ళారు. పాప వాళ్ళమ్మ అంతా విని, నన్ను చూసి జాలిగా, "పోనీలేమ్మా, మేం వంకాయకు కొట్టేదీ అదే కదా. కడిగి తింటాం, ఏం చేస్తాం" అంది. ఆమె కోప్పడి ఉంటే నాకు అక్కడితో తీరిపోయేది. ఆ మాట మాత్రం ఇంటిదాకా నా వెంట వచ్చింది.

ఆ రాత్రి అమ్మతో చెప్పాను. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి అంది, "నీ పువ్వు మీద పురుగుంటే సారు ఒక మాట అంటాడు. మా పువ్వు మీద పురుగు కనపడితే పెట్టె పెట్టే పోతాది. ఆ పెట్టెలో మా కూలి కూడా ఉంటాది పాపా." అప్పుడు నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. మా అమ్మ రోజూ వందల రోజాలు పట్టుకుంటుంది. అయినా ఇన్నేళ్ళలో ఒక్క పువ్వు ఇంటికి తేలేదు. పని నుంచి వచ్చి స్నానం చేసేదాకా తమ్ముణ్ణి ఎత్తుకోదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. మందు కొట్టడం పాపం అని రాసి వ్యాసం ముగించడం సులభం. కానీ మా నాయన టమాటాకు మందు కొట్టకపోతే ఆ ఏడు నా పుస్తకాలు రావు. అమ్మ తోట మూతపడితే వ్యానెక్కే ఆడవాళ్ళందరికీ పని పోతుంది. అన్నం కోసమైతే ఒప్పు, అందం కోసమైతే తప్పు అందామా అంటే, ఎవరో దూరదేశంలో కొనే అందమే మా ఇంట్లో అన్నం. కాబట్టి గీత అక్కడ గీయలేం.

నేను చాలా రోజులు ఆలోచించి గీత వేరేచోట గీసుకున్నాను. ఒక పనిలో ప్రమాదం ఉన్నప్పుడు రెండు మాటలు అడగాలి. ఆ ప్రమాదం ఎవరి మీద పడుతుందో వాళ్ళకు దాని సంగతి తెలుసా? తెలిస్తే, వద్దు అనే వీలు వాళ్ళకు ఉందా? ఆ పాపకు తెలియదు. నేను తెలియనివ్వలేదు, పైగా అబద్ధంతో కప్పాను. నా తప్పు మందు కొట్టడం దగ్గర మొదలైనా అసలు తప్పు అక్కడ ఉంది. మా అమ్మకు తెలుసు. తెలిసే స్నానం చేస్తుంది. కానీ వద్దు అనే వీలు లేదు. తెలిసి కూడా వద్దు అనలేకపోతే దాన్ని ఒప్పుకోవడం అనొచ్చా? ఓర్చుకోవడం అనాలి. ఒప్పుకోవడానికీ ఓర్చుకోవడానికీ మధ్య ఉన్న తేడాయే ఈ విషయంలో న్యాయానికీ అన్యాయానికీ ఉన్న తేడా అని నా అభిప్రాయం. తోటవాళ్ళు చేతి తొడుగులు, మాస్కు ఇవ్వడం, మందు కొట్టిన చోటికి ఆరకముందే పంపకపోవడం దయ కాదు, బాకీ.

ఇక కొనేవాళ్ళు. వాళ్ళకు పువ్వు మీద మచ్చ కనిపిస్తుంది, అమ్మ చేతి మీద మచ్చ కనిపించదు. మచ్చ అసలు పోలేదు, చోటు మారింది. మచ్చలేని వస్తువు చూసినప్పుడల్లా దాని మచ్చ ఎక్కడికి పోయి ఉంటుందని ఒక్కసారి అడగడం కొనేవాళ్ళ ధర్మం. నేను ఆ రోజు ఫొటోలో పడే పువ్వు గురించి ఆలోచించాను గాని అది ఎవరి నోటికి పోతుందో ఆలోచించలేదు. దూరదేశంలో కొనేవాళ్ళకంటే నేనేం తక్కువ?

మరి దారి లేదా? ఉంది, కానీ అది నిదానమైన దారి. మందు కొట్టాలా వద్దా అనే పరీక్ష వచ్చే రోజున మంచిగా ఉండటం కష్టం, నావల్ల కాలేదు. ఆ పరీక్షే రాకుండా ముందే తగిన మొక్కను నాటడం తెలివి. ఈ పని జీవితమంతా చేసినవాళ్ళు ఉన్నారు. 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి మొదటి డైరెక్టర్ జనరల్ అయిన బి.పి. పాల్ గారు గోధుమకు తుప్పు తెగులు తట్టుకునే రకాలు తయారుచేసిన శాస్త్రవేత్త. తీరిక సమయంలో మన దేశపు ఎండకు పూసే రోజాలు సృష్టించారు. కొడైకనాల్‌లో స్థిరపడిన వీరరాఘవన్ గారు ఐఏఎస్ ఉద్యోగం వదిలి రోజాల వెంట పడ్డారు. చలిదేశాలవాళ్ళు తమ మంచుకు తట్టుకునేలా చేసుకున్న రోజాల్ని మన ఎండల్లో పెట్టి, అవి జబ్బుపడితే మందు కొట్టడం ఎందుకు, మన దగ్గరే పుట్టిన అడవి రోజాలున్నాయి కదా అన్నది ఆయన ఆలోచన. బెంగాల్ వైపు నీళ్ళు నిలిచే పల్లాల్లో వేడికీ తేమకీ పెరిగే క్లైనోఫిల్లా, మణిపూర్ కొండల్లోని జైగాంటియా, ఈ రెండిటితో ఆయన కొత్త రోజాలు పుట్టించారు. ఒక సంకరం చేసి, గింజ నాటి, పువ్వు చూసి, ఏళ్ళ తరబడి ఎండావానల్లో పరీక్షించి, అప్పటికీ నచ్చకపోతే మళ్ళీ మొదలు. నేను రెండు రోజులు ఆగలేకపోయాను.

ఇక్కడ మా క్లాసులో ఒక గొడవ జరిగింది, అది కూడా రాయాలి. డిసెంబరులో సార్ పసుపు మొక్కలు మూడూ, ఎర్రవి రెండూ పీకేయమన్నారు. "ఈ చోటికి ఇవి తగవు. ఉంచితే పక్కవాటికి కూడా తెగులు అంటిస్తాయి" అన్నారు. అప్పుడు మా క్లాసులో కాలు సరిగా లేని ఒక అబ్బాయి లేచి, "బలం లేనివాటిని పీకేయడమేనా సార్ న్యాయం? మనుషులక్కూడా ఇదేనా?" అని అడిగాడు. క్లాసంతా నిశ్శబ్దం అయిపోయింది.

సార్ వెంటనే జవాబు చెప్పలేదు. మర్నాడు చెప్పారు. "మొక్కను ఆ చోట పెట్టింది మనం. అది వచ్చి పెట్టమనలేదు. తప్పు మొక్కది కాదు, మన ఎంపికది. మనిషి విషయం వేరు. మనిషిని చోటుకు తగినట్టు ఏరడం కాదు, చోటునే మనిషికి తగినట్టు మార్చాలి. నీకోసం మెట్ల పక్కన ర్యాంపు కట్టించింది అందుకే" అన్నారు. ఆ అబ్బాయి ఇంకొక మాట అన్నాడు, "అయితే ఆ మొక్కలకు కూడా చోటు మార్చి చూద్దాం సార్." ఆ 5 మొక్కల్లో మూడింటిని తొట్లలో పెట్టి, వాన నేరుగా పడని వరండా అంచున, పొద్దున ఎండ తగిలే చోట ఉంచాం. పసుపుది ఒకటి చచ్చిపోయింది. ఒక పసుపు, ఒక ఎరుపు బతికాయి. పసుపుది మార్చిలో ఒకే ఒక పువ్వు పూసింది. తోటలో పనికిరాదని తీసేసిన మొక్కకు వరండాలో పని దొరికింది. ప్రకృతిలో బలమున్నదే బతుకుతుందని చెప్పి మనుషుల్ని పక్కకు నెట్టేవాళ్ళకు ఆ తొట్టి చూపించాలనిపిస్తుంది నాకు.

నేను కొట్టిన మందుకు ఇంకో ఫలితం కూడా వచ్చింది. సంక్రాంతి దాటి ఎండ ముదిరేసరికి ఎర్రనల్లి అంతకుముందుకంటే ఎక్కువగా పట్టింది. దాన్ని తినే చిన్నచిన్న పురుగుల్ని కూడా నేనే చంపేశానేమో అని సార్ అన్నారు. రెండు నెలలపాటు పొద్దున్నే ఏడుకు వచ్చి ఆకు ఆకునూ అడుగునుంచి నీళ్ళతో కడిగాను. అది శిక్ష అని ఎవరూ అనలేదు. నేను అనుకున్నాను. మార్చి నెలాఖరులో మళ్ళీ అక్షింతల పురుగు ఒకటి మొగ్గ మీద పాకుతూ కనిపించింది. ఎవరో బంధువు ఇంటికి వచ్చినట్టు అనిపించింది.

మచ్చలేని అందం కోరుకోవడం తప్పా అంటే, కోరుకోవడం తప్పు కాదని ఇప్పటికీ అనుకుంటున్నాను. నాకూ నిండు ఎర్ర రోజా ఇష్టమే. ఆ అందానికి ఖరీదు ఎవరు కడుతున్నారో చూడకపోవడం తప్పు. చూసి కప్పిపుచ్చడం ఇంకా పెద్ద తప్పు. ఆ ఖరీదు నేనే కట్టగలిగితే, అంటే పొద్దున్నే లేచి, ఆగి, ఏరి, కడిగి, అప్పటికీ మిగిలిన మచ్చను నలుగురి ముందు ఒప్పుకోగలిగితే, ఆ పువ్వు నాది అని చెప్పుకోవచ్చు.

నేను వచ్చే ఏడు ప్లస్ టూ. మడి కింది తరగతివాళ్ళకు అప్పగిస్తున్నాను. ఇప్పుడు 7 మొక్కలున్నాయి, అయిదు పన్నీరు, రెండు ఎరుపు. తొట్లలో రెండు. నోటుబుక్కు సైన్సు ల్యాబు బీరువాలో ఉంది, నవంబరు పేజీ చింపవద్దు. నీళ్ళు పొద్దున పోయండి. పేనుబంక కనిపిస్తే ఒక వారం ఆగండి. ఒకటో తరగతి పిల్లలు మళ్ళీ రేకులు తింటున్నారు. తిననివ్వండి. పురుగు ఉందేమో చూసుకుని తినమనండి, పురుగు ఉంటే భయం లేదని కూడా చెప్పండి.

— ఒక ప్లస్ వన్ విద్యార్థిని